స్వోపజ్ఞతకు పది మార్కులు

మా అమ్మాయి అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో చదువుకునే రోజుల్లో ఒక రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, కొత్తదనానికి నాకు పదికి పది వేశారు. సిగ్గేస్తోంది" అంది. పదికి పది వస్తే సిగ్గెందుకో నాకర్థం కాలేదు.

అక్కడి విద్యార్థులు కొందరు శనివారాలు ఒకచోట చేరి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట ఆడేవాళ్లు. ఆ ఆటకు కావలసిన కథను, దాన్నే వాళ్లు అడ్వెంచర్ అంటారు, రెండు పేజీల్లో రాసే పోటీ ఒకటి పెట్టుకున్నారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు. మార్కుల కాగితంలో నాలుగు గడులు: ఆడడానికి అనువు, భాష, పాత్రలు, కొత్తదనం. మా పిల్ల రాసింది బాలనాగమ్మ కథ. మాయల మరాఠీ, నాగళ్లపూడి గట్టు, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకున్న ప్రాణం, అన్నీ ఉన్నాయి. బుర్రకథలో విన్నదీ, సురభి వాళ్ల నాటకంలో చూసిందీ, మా అమ్మ అన్నం పెడుతూ చెప్పిందీ. 1942లో జెమినీ వాళ్ల సినిమాలో కాంచనమాల బాలనాగమ్మగా, పుష్పవల్లి సంగుగా వేశారని మా అమ్మ ప్రతిసారీ చెప్పేది. ఆ కథ చదివిన న్యాయనిర్ణేత ఒకాయన, ప్రాణాన్ని పిట్టలో దాచుకునే మాంత్రికుణ్ణి తానెక్కడా చూడలేదని రాసి పదికి పది వేశాడు.

సిగ్గు అందుకు. తెలుగునాట ఏ ముసలమ్మకైనా తెలిసిన కథకు కొత్తదనం బహుమతి.

విచిత్రం అక్కడితో ఆగలేదు. ఒంట్లో కాకుండా బయటెక్కడో ప్రాణం దాచుకునే రాక్షసుడు ప్రపంచమంతా ఉన్నవాడే. రష్యన్ జానపద కథల్లో కొష్చేయ్ ప్రాణం సూదిమొనలో, ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో ఉంటాయి. అంతెందుకు, వాళ్లాడే ఆటలోనే 'లిచ్' అనే చావులేని మాంత్రికుడు తన ప్రాణాన్ని ఒక పెట్టెలో దాచుకుంటాడు. ఆ న్యాయనిర్ణేత వారం వారం ఆ లిచ్‌తో యుద్ధం చేస్తూ ఉండి ఉంటాడు. చిలక రూపంలో వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాడు.

అసలు మా పిల్ల సొంతంగా కల్పించింది వేరే ఉంది. ఆమె కథలో వీరులు కోటకు చేరేసరికి బాలనాగమ్మే తలుపు తీస్తుంది. నోము పేరు చెప్పి మరాఠీని ఏళ్ల తరబడి ఆపుతూ వచ్చిన మనిషి కదా. ఆమె, సంగు కలిసి చిలక రహస్యాన్ని ముక్కలు ముక్కలుగా రాబడుతున్నారు. మీరిప్పుడు కత్తులు దూస్తే మా పన్నెండేళ్ల పని పాడవుతుంది, వెళ్లి గుర్రాలకు మేత వేసుకోండి, పిలిచినప్పుడు రండి అంటుంది. మరాఠీ ఉంపుడుగత్తెగా మాత్రమే మనకు తెలిసిన సంగుకు కథలో సగం భారం ఇచ్చింది. దీనికి ఒక్కరు కూడా కొత్తదనం గడిలో ఒక్క మాట రాయలేదు. పైగా మూడో ఆయన 'ఆడడానికి అనువు' గడిలో నాలుగు మార్కులు వేసి, చెరలో ఉన్న స్త్రీ రక్షించవద్దంటే ఇక ఆడేవాళ్లకు పనేముంటుందని అడిగాడు.

ఆ కాగితం చాలా రోజులు నా మనసులో మెదిలింది. నాకా ఆట తెలియదు. కానీ కొత్తదనానికి మార్కులు వేయడం నాకు తెలిసిన పనే. కథల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నదాన్ని. అందుకే ఈ ఆటకు కథలు రాసినవాళ్ల చరిత్ర, ముఖ్యంగా ఆడవాళ్ల చరిత్ర, వెతుక్కుంటూ వెళ్లాను.

తెలియనివారికోసం ఆట గురించి నాలుగు మాటలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో దీన్ని ప్రచురించారు. ప్రచురించిన టిఎస్సార్ కంపెనీ ఊరు లేక్ జెనీవా, అదీ విస్కాన్సిన్‌లోనే. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. తలా ఒక పాత్ర, యోధుడో, దొంగో, మంత్రగత్తో. ఒకరు మాత్రం పాత్ర వేయకుండా కథ నడుపుతారు. వాళ్ల భాషలో డంజన్ మాస్టర్, మన నాటకభాషలో సూత్రధారి అనుకోవచ్చు. "మీ ముందొక ఇనుప తలుపు ఉంది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడగడం, వాళ్లు చెప్పడం, ఫలితం సందేహమైతే పాచికలు వేయడం. రాత్రంతా ఆట అలాగే సాగుతుంది. సూత్రధారి చేతిలో ఉండే రాతప్రతే అడ్వెంచర్. కోట పటం, గదుల వర్ణన, ఏ గదిలో ఎవరున్నారు, ఏం కోరుకుంటున్నారు. ఇది సగం రాసిన కథ. మిగతా సగం ఆడేవాళ్లు నోటితో రాస్తారు.

ఈ ఆట మొదటినుంచీ అరువు సొమ్ముతో కట్టిన ఇల్లే. మరుగుజ్జులు, ఎల్ఫులు, డ్రాగన్లు ఐరోపా పురాగాథలవి. టోల్కీన్ కల్పించిన హాబిట్లను పేరుతో సహా వాడుకుంటే, హక్కుదారులు అభ్యంతరం చెప్పాక వాళ్లు 'హాఫ్లింగులు' అయ్యారు. ఇలాంటి చోట స్వోపజ్ఞత అంటే ఏమిటన్నది ఆషామాషీ ప్రశ్న కాదు. అందరిదీ అయిన సామగ్రితో ఒకరు చేసే చిన్న మలుపే అక్కడ స్వోపజ్ఞత. ఆ మలుపును చూడగల కన్ను ఎవరిదన్నదే నా ప్రశ్న.

మొదట్లో పోటీలు రాసేవాళ్ల మధ్య ఉండేవి కావు. 1975లో ఆరిజిన్స్ అనే ఆటల సమ్మేళనంలో గైగాక్స్ 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే అడ్వెంచర్‌ను పెట్టాడు. అడుగడుగునా మృత్యువు పొంచి ఉండే ఆ సమాధిలోకి ఏ జట్టు ఎంత దూరం వెళ్లగలదన్నదే పోటీ. 1970ల చివరికి వచ్చేసరికి అడ్వెంచర్ అనేది అచ్చేసి అమ్మే పుస్తకం అయింది. దానికి రచయిత అనే మనిషి పుట్టాడు. మగవాడిగానే పుట్టాడని వేరే చెప్పాలా?

ఆ ఆట ప్రపంచంలో స్త్రీ ఎలా ఉండేదో రెండు ఉదాహరణలు చాలు. కంపెనీ పత్రిక 'ది డ్రాగన్' మూడో సంచికలో, 1976లో, స్త్రీ పాత్రల కోసం ప్రత్యేక నియమాలంటూ ఒక వ్యాసం వచ్చింది. వాళ్లకు బలం తక్కువ, వ్యక్తిత్వపు ఆకర్షణకు బదులు 'అందం' అనే కొలత, మగవాళ్లను వశం చేసుకునే మంత్రాలు. 1978లో వచ్చిన అధికారిక నియమ గ్రంథం మానవ స్త్రీ యోధురాలి బలానికి పురుషుడికి లేని ఒక హద్దు గీసింది. నిప్పులు కక్కే డ్రాగన్లను ఊహించగలిగిన వాళ్లకు తమతో సమానంగా బరువెత్తే ఆడమనిషి ఊహకు అందలేదు. 1989లో వచ్చిన రెండో కూర్పులో గానీ ఆ హద్దు పోలేదు.

1979లో ఆ కంపెనీ జీన్ వెల్స్ అనే అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకుంది. 1955లో పుట్టిన మనిషి, అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. గైగాక్స్‌తో ఉత్తరాల పరిచయం ద్వారా వచ్చింది. ఆటల రూపకల్పన విభాగంలో మొదటి స్త్రీ ఆమే. 'ది డ్రాగన్'లో పాఠకుల సందేహాలకు జవాబులిచ్చే శీర్షికను మొదలుపెట్టింది ఆమే. 1980లో అదే పత్రికలో కిమ్ మోహన్‌తో కలిసి, ఆటలో స్త్రీలు సమానత్వం కోరుకుంటే తప్పేమిటనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాసింది. 1981లో ఆమె రాసిన అడ్వెంచర్ 'ప్యాలెస్ ఆఫ్ ది సిల్వర్ ప్రిన్సెస్' నారింజ రంగు అట్టతో అచ్చయింది.

అచ్చయిన ప్రతులు ఆఫీసుకు వచ్చి ఉద్యోగుల చేతుల్లో పడగానే పైవాళ్లు వాటన్నిటినీ వెనక్కి తీసుకున్నారు. చెత్త పూడ్చే చోట పాతిపెట్టించారని అక్కడ పనిచేసిన వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. ఎలాగో తప్పించుకున్న కొద్ది ప్రతులు వేలంపాటల్లో పెద్ద ధర పలికే అపురూప వస్తువులయ్యాయి. టామ్ మోల్డ్వే అనే సహోద్యోగి దాన్ని తిరగరాశాడు. అదే సంవత్సరం ఆకుపచ్చ అట్టతో, అదే పేరుతో కొత్త పుస్తకం వచ్చింది. దాని మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఆమెది రెండోది. ఆ తర్వాత ఆ కంపెనీ నుంచి ఆమె పేరుతో మరో అడ్వెంచర్ రాలేదు. 2012లో ఆమె చనిపోయింది.

ఇక్కడ మన పాఠకులకు ముద్దుపళని గుర్తుకు రాకుండా ఉండదు. 'రాధికా సాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే అశ్లీలమని నిషేధించడం, 1947లో గానీ ఆ నిషేధం తొలగకపోవడం మనకు తెలుసు. పోలికను ఎక్కువ దూరం లాగను. అది పాలకుల ఆజ్ఞ, ఇది కంపెనీ యజమానుల నిర్ణయం. ఒకటి కావ్యం, ఇంకొకటి శనివారపు ఆట. అయినా పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు చెప్పే కారణాలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి.

కారణాల్లో అందరూ చెప్పేది ఒక బొమ్మ. లారా రోస్లాఫ్ అనే చిత్రకారిణి గీసింది. ఒక స్త్రీని ఆమె జుట్టుతోనే పైకప్పుకు కట్టేసి ఉంటారు, చుట్టూ వికారమైన మగవాళ్లు ఆమెను హింసిస్తుంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒళ్లు మండింది. ఆడదాని బాధను అలంకారంగా చేసి అమ్ముకునే బొమ్మలు మనం తక్కువ చూశామా? కానీ బొమ్మ పక్కనున్న గది వర్ణన చదివాక ఆగిపోయాను. అక్కడ స్త్రీ లేదు. హింసించేవాళ్లూ లేరు. అదంతా మాయ. పది కాళ్లతో పైకప్పును పట్టుకుని వేలాడే ఒక జంతువు కల్పించే భ్రమ. అబలను కాపాడదామని లోపలికి దూకినవాళ్లు దానికి ఆహారం అవుతారు.

ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. రాజకుమారిని చెర విడిపించడం ఈ సాహిత్యానికి వెన్నెముక. ఆ వెన్నెముకనే ఎర చేసింది జీన్ వెల్స్. ఆడేవాళ్లను చంపేది వాళ్ల వీరత్వపు అలవాటే. ఆమె ఇంత ఆలోచించే రాసిందా అని అడిగితే, రాతలో ఉన్నది ఉంది అనే నా సమాధానం. బొమ్మలో లైంగిక హింస వాసన లేదని కూడా అనను, ఉంది. ఆ రెండూ ఒకే పేజీలో ఉన్నాయి, విమర్శకు అసలు పని అక్కడే. కంపెనీ మాత్రం బొమ్మను చూసింది, మలుపును చూసినట్టు లేదు.

ఆ పుస్తకానికి లోపాలు లేవా? ఉన్నాయి. కొన్ని గదులను సూత్రధారి నింపుకోవాలని ఖాళీగా వదిలేసింది, కథలోని పోగులు కొన్ని ముడిపడవు. ఆకుపచ్చ పుస్తకం చక్కగా, గట్టిగా ఉంటుంది, ఆడడానికి అదే సులువని చాలామంది అంటారు. వాళ్లతో నాకు తగువు లేదు. అయితే ఖాళీ గదులు వదలడం ఆమె ఒక్కతే చేసింది కాదు. అంతకు ముందే మైక్ కార్ రాసిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ ది అన్‌నోన్'లోనూ గదులు ఖాళీగానే ఉన్నాయి, సూత్రధారులకు శిక్షణ కోసం. అక్కడ అది బోధనా పద్ధతి అనిపించుకుంది. మగవాడి ఖాళీకీ ఆడదాని ఖాళీకీ చదివే పద్ధతులు వేరేమో!

తర్వాతి పేరు లారా హిక్‌మన్. ఆమె, భర్త ట్రేసీ కలిసి 1970ల చివర్లో సొంత ఖర్చుతో అడ్వెంచర్లు అచ్చువేసుకున్నారు. ట్రేసీకి ఈ ఆటను పరిచయం చేసింది లారాయేనని ఆయనే చెప్పుకున్నాడు. దోచుకోవడం, చంపడం కంటే మెరుగైన లక్ష్యం ఒకటి ఉండాలని, ఆటలో అల్లుకున్న కథ ఉండాలని, కోట కడితే మనుషులుండే కోటలా కట్టాలని, ఒకటి రెండు కూర్చోవడాల్లో ముగియాలని ఇద్దరూ నియమాలు పెట్టుకున్నారు. 1983లో వచ్చిన 'రావెన్‌లాఫ్ట్' ఆ పద్ధతికి పరాకాష్ఠ. అందులోని రక్తపిశాచికి ఒక గతం, ఒక కోరిక, ఒక నేరం ఉన్నాయి. అడ్వెంచర్‌కు కథ అనేది వచ్చి చేరిన ఈ మార్పును తర్వాతివాళ్లు 'హిక్‌మన్ విప్లవం' అన్నారు. భార్యాభర్తలది ఒకే ఇంటిపేరు కనుక వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ మాట వినగానే ఎవరి ముఖం గుర్తొస్తుందో ఆ ఆట తెలిసినవాళ్లను అడిగి చూడండి. నేను అడిగిన నలుగురూ ట్రేసీ అన్నారు.

కథలో కాక కట్టడంలో కొత్తదనం చూపిన మనిషి జెనెల్ జాక్వేస్. 1979లో 'జడ్జెస్ గిల్డ్' అనే చిన్న కంపెనీకి ఆమె రాసిన 'డార్క్ టవర్', 'కావెర్న్స్ ఆఫ్ థ్రాసియా' ఈ రంగంలో గొప్పవిగా నిలిచాయి. అప్పటికి ఆమెను లోకం మగవాడిగానే ఎరుగును. ట్రాన్స్ స్త్రీగా బహిరంగంగా చెప్పుకున్నది చాలా ఏళ్ల తర్వాత. నేలమాళిగకు ఒకే దారి, ఒక గది తర్వాత ఒక గది అనే వరసను ఆమె చెదరగొట్టింది. లోపలికి రావడానికి నాలుగు దారులు, పై అంతస్తు నుంచి కిందికి రహస్య మెట్లు, తిరిగి తిరిగి మొదటికి వచ్చే చుట్టు దారులు. ఎటు వెళ్లాలో ఆడేవాళ్లే నిర్ణయించుకోవాలి. రచయిత తన అధికారాన్ని కొంత వదులుకోవడమే ఇది. ఇలాంటి కొత్తదనం మార్కుల కాగితంలో ఏ గడిలోనూ పట్టదు, ఎందుకంటే చదివితే కనిపించదు, ఆడితేనే తెలుస్తుంది. 2010లో ఒక రచయిత ఈ పద్ధతికి ఆమె పేరుతోనే ఒక క్రియాపదం చేశాడు, అది వాడుకలోకి వచ్చింది. 2023లో ఆ భావన పుస్తకంలోకి ఎక్కేసరికి ఆమె పేరు పోయి వేరే మాట వచ్చింది. ఆ మరుసటి ఏడు జనవరిలో జెనెల్ చనిపోయింది. చాలామంది మాత్రం పాత మాటనే పట్టుకుని ఉన్నారు.

రాసేవాళ్ల మధ్య పెద్ద పోటీలు 2000 తర్వాతి మాట. టిఎస్సార్‌ను కొన్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 2002లో, ఆట కోసం కొత్త ప్రపంచాన్ని ఊహించి ఒక్క పేజీలో పంపమంది. లక్ష డాలర్ల బహుమానం. 11,000 దాకా ప్రతిపాదనలు వచ్చాయి. ఆ ఒక్క పేజీలో చెప్పాల్సినవి కూడా వాళ్లే చెప్పారు: వీరులెవరు, వాళ్లేం చేస్తారు, శత్రువులెవరు, మంత్రం ఎలా పనిచేస్తుంది, చివరగా ఇందులో కొత్తేమిటి, తేడా ఏమిటి. వాటిలో 11 ఏరి పది పేజీలు రాయమన్నారు, అందులోంచి ముగ్గురిని పూర్తి గ్రంథం రాయమన్నారు. గెలిచింది కీత్ బేకర్ 'ఎబెరాన్', 2004లో పుస్తకమైంది. పాత చవకబారు సాహస నవలలనూ, చీకటి నేరాల సినిమాలనూ డ్రాగన్ల లోకంతో కలిపిన ప్రపంచం అది. మంచి కలయికే, కాదనను. కానీ గెలిచిన కొత్తదనం తెలిసిన వాటి కొత్త కూర్పు అన్నది గమనించాలి. చివరి ముగ్గురి ప్రపంచాలూ కంపెనీ సొత్తయ్యాయి, అచ్చయింది ఒక్కటే. ఓడిన వాళ్లు తమ ఊహ గురించి తాము బయట చెప్పుకోలేని స్థితి. కొత్తదనాన్ని తూచడానికీ కొనడానికీ అక్కడ ఒకటే తక్కెడ.

మొదటి ప్రశ్నలోనే ఉంది మెలిక. "వీరులెవరు?" అని ముందే అడిగాక, వీరులు అక్కరలేని కథను ఏ గడిలో రాయాలి? మా పిల్ల బాలనాగమ్మ ఆ పేజీలో పట్టేది కాదు.

అదే 2002లో 'గేమ్ షెఫ్' అనే ఇంకో పోటీ మొదలైంది, డబ్బులేమీ లేని సరదా పోటీ. నిర్వాహకులు నాలుగైదు మాటలు ఇస్తారు, వాటిని దినుసులుగా వాడి కొద్ది రోజుల్లో ఒక ఆటను తయారు చేయాలి. మన అవధానంలో దత్తపది లాంటిది. ఇచ్చిన మాటలు అందరికీ ఒకటే కనుక ఎవరేం చేశారో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. వస్తువు కొత్తదా కాదా అన్న గొడవ లేదు. పూరించిన తీరే చూడాలి. కొత్తదనాన్ని తూచడానికి ఇంతకంటే నిజాయితీ గల పద్ధతి నాకు తోచదు, కాకపోతే దత్తపదిలో కూడా పృచ్ఛకులు ఎవరన్నది మన అనుభవంలో ఉన్నదే.

2008లో పైజో కంపెనీ మొదలుపెట్టిన 'ఆర్పీజీ సూపర్‌స్టార్' పోటీలో మెట్లు మెట్లుగా వడపోత ఉండేది. ముందు రెండు మూడు వందల మాటల్లో ఒక మాయ వస్తువును వర్ణించాలి, చివరికి మిగిలినవారికి బహుమతిగా 32 పేజీల అడ్వెంచర్ రాసే ఒప్పందం. ఆ మాయ వస్తువుల్ని తిరస్కరించడానికి న్యాయనిర్ణేతలు చెప్పిన కారణాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది: 'డబ్బాలో పెట్టిన మంత్రం'. అంటే ఆటలో ముందే ఉన్న మంత్రాన్ని ఒక ఉంగరంలోనో చెప్పులోనో పెట్టి కొత్త వస్తువు అనడం. మన పోటీ కథల్లో సగం డబ్బాలో మంత్రాలే కదా అనుకుని నవ్వుకున్నాను.

మొదటి ఏడాదే గెలిచింది క్రిస్టీన్ ష్నైడర్, ఒక స్త్రీ. తర్వాత వరసగా మగవాళ్లు. 2013 నుంచి మొదటి మెట్టులో పద్ధతి మార్చారు. ఎవరు రాశారో చెప్పకుండా రెండేసి వస్తువులు పక్కపక్కన చూపి, ఏది మెరుగో పాఠకులనే ఎంచమన్నారు. 2014లో విక్టోరియా యాచ్కో, 2015లో మోనికా మార్లో గెలిచారు. పేరు దాచడం వల్లే గెలిచారని రాసేస్తే వ్యాసం అందంగా ముగిసేది. కానీ చివరి మెట్లలో పేర్లు తెలిసే ఓట్లు వేశారు, కనుక ఆ మాట అనలేను. ఒకటి మాత్రం అనగలను. 'ఇంతకు ముందు చూడనిది' అని తీర్పు చెప్పాలంటే ఆ చెప్పేవాళ్లు ఇంతకు ముందు ఏం చూశారో మనకు తెలియాలి. ముగ్గురు చూసినది వేరు, వేలమంది చూసినది వేరు.

2009లో మొదలైన 'వన్ పేజ్ డంజన్' పోటీలో ఇంకో రకం ఔదార్యం ఉంది. ఒక్క పేజీ అడ్వెంచర్, గెలిచినా ఓడినా అందరి పేజీలూ ఎవరైనా తీసుకోవచ్చు, రాసినవారి పేరు చెప్పి మార్చుకోవచ్చు. ఓడిన పేజీని పాతిపెట్టరు.

పోటీయే లేని చోటు కూడా ఒకటుంది. 1975లో లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ అనే ఆవిడ 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' అనే పత్రికను మొదలుపెట్టింది. రాసేవాళ్లు తమ పేజీలు పంపితే అన్నీ కలిపి కుట్టి అందరికీ పంపేది. వచ్చే సంచికలో ఒకరి రాతల మీద ఒకరు వ్యాఖ్యలు. మార్కులు లేవు, బహుమతులు లేవు. 2025 దాకా, యాభై ఏళ్లు, ఆవిడ దాన్ని నడిపింది. చిన్న పత్రిక నడపడమంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ యాభై అంకె దగ్గర ఒక్క క్షణం ఆగుతారు.

ఇక నా సంగతి. కొన్నేళ్ల కింద ఒక పత్రిక కథల పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. అందులో ఒక కథ, పొద్దున్నే లేచి నలుగురికి నాలుగు రకాల టిఫిన్లు చేసి ఉద్యోగానికి పరిగెత్తే ఆమె గురించి. ఒకరోజు ఆమె పొయ్యి వెలిగించదు. అంతే కథ. "ఇది చాలాసార్లు చదివేశాం కదా మేడమ్" అన్నారు పక్కాయన. నేనూ తలూపాను, స్త్రీవాదినైన నేనే. కొత్తదనం గడిలో మూడు వేశాను. అప్పుడు బహుమతి ఇచ్చిన కథ ఉద్యోగం దొరకని యువకుడి ఆవేదన. అది ఎన్నిసార్లు చదివామో ఎవరమూ లెక్క పెట్టలేదు.

మా పిల్ల కాగితం చూశాక ఆ కథ మళ్లీ తీసి చదివాను. ఆ కథలో పొయ్యి వెలిగించని రోజు ఆమె చేసిన పని, అత్తగారి పక్కన కూర్చుని "మీరెప్పుడైనా మానేశారా?" అని అడగడం. అత్తగారు జవాబు చెప్పదు, లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి వస్తుంది. ఇద్దరూ లోపలే ఉంటారు. ఆ గడియ మోత నేను మొదటిసారి వినలేదు. వంటిల్లు కనిపించగానే నాకు తెలిసిన కథే అనుకుని ముందుకెళ్లిపోయాను, చిలకను చూసి తెలియని కథ అనుకున్న ఆ అమెరికన్ కుర్రాడిలాగే. అతను తెలియక పది వేశాడు, నేను తెలుసనుకుని మూడు వేశాను.

తొలి తెలుగు కథ ఏదన్న వాదంలో కూడా ఇదే జరిగిందని నాకు తోస్తుంది. 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' తొలి కథ అని బడిలో చదువుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి'లో అచ్చయి ఉంది. స్త్రీల పత్రికల అట్టలు తెరిచి చూసినవాళ్లు తక్కువ, అంతే.

కిందటి సంక్రాంతికి మా అమ్మాయి వచ్చినప్పుడు జీన్ వెల్స్ పుస్తకం కాగితాల మీద తీసి ఇచ్చాను. పాతిపెట్టిన ఆ నారింజ పుస్తకాన్ని హక్కులున్న కంపెనీయే తర్వాతి కాలంలో ఉచితంగా అందుబాటులో పెట్టింది. రాత్రి భోజనాలయ్యాక చదువుతూ కూర్చుంది. జుట్టుతో కట్టేసిన స్త్రీ బొమ్మ దగ్గర "ఛీ" అంది. పక్క వర్ణన చదివి, "అమ్మా, ఇది నిజంగా రాసిందా, ఎనభై ఒకటిలో?" అంది. పొద్దున్నే చూస్తే కాగితాలు బల్ల మీద ఉన్నాయి. వెల్స్ ఖాళీగా వదిలిన గదుల్లో ఒకదాని పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది: 'సంగు ఇక్కడ ఉంటుంది. తాళం చెవి ఆమె దగ్గరే.'